రగ్గడ్ టైర్లకు డ్రెస్సింగ్ వేసే ముందు జాగ్రత్తలు

(రగ్గడ్ టైర్లంటే మట్టి దారుల కోసం పెద్ద రబ్బరు బ్లాకులతో చేసినవి. డ్రెస్సింగ్ అంటే టైరు పక్క భాగానికి నలుపు, మెరుపు తెచ్చే పూత.)

– డబ్బా మీద వాటర్ బేస్డా (నీళ్లతో చేసిందా), సాల్వెంట్ బేస్డా (రసాయన ద్రావకంతో చేసిందా) చూడండి. సాల్వెంట్ రకం బాగా మెరుస్తుంది, వానకు తొందరగా పోదు. కానీ చాలావాటికి నిప్పంటుకునే గుణం ఉంటుంది, పైగా జిడ్డు మిగిలి దుమ్మును పట్టేస్తుంది. మట్టి దారుల్లో తిరిగే బండికి, ఆరాక చేతికి అంటని వాటర్ బేస్డ్ రకమే మేలు.

– డ్రెస్సింగ్ నిలిచేదీ ఊడేదీ కడగడాన్ని బట్టే. రబ్బరు పగలకుండా కలిపే రసాయనాలు మెల్లగా పైకి తేలి గోధుమరంగు పొరలా కనిపిస్తాయి. దానిమీద, పాత డ్రెస్సింగ్ మీద కొత్తది పట్టదు. టైర్ క్లీనర్ కొట్టి గట్టి బ్రష్‌తో రుద్దండి. నురుగు గోధుమరంగులో వస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ కడగాల్సిందే. తెల్లగా వస్తేనే శుభ్రమైనట్టు.

– పెద్ద బ్లాకుల సందుల్లో, ఎత్తు అక్షరాల అంచుల్లో నీళ్లు దాక్కుంటాయి. గాలి కొట్టి ఆరబెట్టండి. తడి మీద వేస్తే మరకలు మరకలుగా కనిపిస్తుంది.

– టైరు చల్లగా ఉండాలి, నీడలో పెట్టండి. గ్లవ్స్ వేసుకోండి.

– రోడ్డుకు ఆనే ట్రెడ్ మీద, బ్రేక్ డిస్కు మీద చుక్క కూడా పడకూడదు. జారిపోతుంది, బ్రేకు పట్టదు. స్ప్రే రకమైతే నేరుగా కొట్టకుండా స్పాంజి మీద తీసుకోండి. బైకు టైర్లకు అసలు వద్దు.

– మందంగా ఒక్క పూత కన్నా పలుచగా రెండు పూతలు నయం. సందులకు చిన్న బ్రష్ వాడండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, మిగులు తుడిచాకే బండి తీయండి. లేకపోతే చక్రం తిరగ్గానే చుక్కలు బాడీ మీద చిమ్ముతాయి.