పరిశోధనా వ్యాసంలో పేరా ఎలా రాయాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పీజీ ప్రాజెక్టు రిపోర్టులు రాసే విద్యార్థులు సమాచారాన్ని ఎంతో శ్రమపడి సేకరిస్తారు. దానినంతా ఒకే పేరాలో కుమ్మరించినప్పుడు ఆ శ్రమ పాఠకుడికి అందదు.

రాయడానికి కూర్చునే ముందే, ఆ పేరా ఏం నిరూపించాలో ఒక్క పూర్తి వాక్యంలో రాసుకోండి. ‘నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య’ అనేది శీర్షిక మాత్రమే. ‘ఫ్లోరైడ్ నీటిని సులభంగా దొరికే సామగ్రితో ఊళ్లోనే శుద్ధి చేయవచ్చని నల్లగొండ పద్ధతి చూపింది’ అంటే, చదివేవారు ‘ఎలా?’ అని అడుగుతారు. అలా అడిగించే వాక్యంతోనే పేరా మొదలుపెట్టండి.

తర్వాత ఆధారం ఇవ్వండి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో నీటికి సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీటిని తీసుకుంటారు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు; నా దృష్టిలో పేరాకు ప్రాణం దీని తర్వాతి వాక్యంలోనే ఉంది. ‘ఈ పనిని ఇంట్లో బకెట్‌తో కూడా చేయవచ్చు కాబట్టి, పెద్ద యంత్రాలు పెట్టలేని ఊరికి కూడా ఇది పనికివస్తుంది’ అని మీరే విడమరచి చెప్పినప్పుడు, ఆధారం మొదటి వాక్యానికి ముడిపడుతుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ముఖ్యమైనదే అయినా, దాని చోటు దీనికంటే ముందు వచ్చే, సమస్యను వివరించే పేరాలో ఉంది. పటిక మోతాదు సరిగా లేకపోతే శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలిపోవచ్చన్న సంగతికి మరో పేరా కావాలి. ‘ఇంత సులువైన ఈ పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి’ అని దానిని మొదలుపెడితే, వెనుకటి పేరాలోని మాటే తర్వాతి పేరాకు దారి చూపుతుంది. పేరా ఇన్ని పంక్తులే ఉండాలన్న లెక్క పెట్టుకోకండి. విషయం తేలినప్పుడే అది ముగుస్తుంది.

రాయడం పూర్తయ్యాక, ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో దాని సారాన్ని పెన్సిల్‌తో ఒక ముక్కలో రాసి, ఆ ముక్కలనే వరుసగా చదవండి. రెండు పేరాల పక్కన ఒకే సంగతి కనిపిస్తే వాటిని కలపండి, ఒక్క పేరాకే రెండు సంగతులు రాయవలసివస్తే దానిని విడగొట్టండి, ఏమీ రాయడానికి తోచకపోతే ఆ పేరాను తీసివేయండి.