ఊరి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మన వరంగల్, జనగామ, ములుగు వైపు ఏ ఊరి చరిత్ర తీసినా మొదటి పేజీలో కాకతీయులు ఉండాల్సిందే, ఆధారం ఉన్నా లేకున్నా. గుడి ముందు విరిగిన నంది కనిపిస్తే చాలు, గణపతిదేవుడు కట్టించాడని రాసేస్తారు. మీరు మాత్రం ముందు ఎనభై దాటినవాళ్ల దగ్గర కూర్చోండి. కాగితాల పని తర్వాతైనా అవుతుంది.

ఏ సంవత్సరం అని అడగొద్దు, చెప్పలేరు. రజాకార్లు తిరిగినప్పుడు నువ్వెంత ఉంటివి, పటేల్ పట్వారీలను తీసేసినప్పటికి పెద్దోడు పుట్టిండా అని అడిగితే 1948కి ముందా, 1984కి తర్వాతా అన్నది తేలిపోతుంది. అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి, ఎందుకంటే భర్త పక్కనుంటే కథంతా ఆయనే చెప్తాడు, కానీ నాటు కూలి గింజలిచ్చేవాళ్లా పైసలిచ్చేవాళ్లా, మంత్రసాని ఎవరు, ఏ బావి దగ్గరికి ఎవరిని రానియ్యలేదు అన్నవి ఆమెనే అడగాలి.

ఇంగ్లండ్‌లో చిన్న పల్లె చరిత్ర రాసేవాళ్లకు ఒక సుఖముంది. 1086లోనే అక్కడి రాజు ఊరూరా భూములు, నాగళ్లు లెక్క రాయించాడు, 1538 నుంచి చర్చిలో బాప్టిజం, పెళ్లి, చావు రాసిపెట్టమన్నారు. మనకు అంత పాత పుట్టుకల పుస్తకం లేదు గానీ 1954-55 ఖాస్రా పహాణీ ఉంది, అంటే ఊరి భూముల లెక్క రాసిన సర్కారు పుస్తకం. సర్వే నంబరు, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఏది ఇనాం (సేవకో గుడికో ఇచ్చిన భూమి), ఏది చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) అన్నీ అందులో దొరుకుతాయి. తహసీల్దార్ ఆఫీసులో నకలు అడగండి, నాలుగుసార్లు తిప్పినా వదలొద్దు. నిజాం కాలం కాగితాలైతే ఉర్దూలో, ఫసలీ అనే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది: ఫసలీ 1358 అంటే 1948-49.

రాయి మీద అక్షరాలు కనిపిస్తే సున్నం, పెయింట్ వేయనియ్యకండి. పొద్దున ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీసి శాసనాలు చదివేవాళ్లకు పంపండి. రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని మనకు తెలిసింది శాసనం వల్లే.

నాకు బాధనిపించేది కులకథకులను వదిలేయడం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ఎవరి ఊళ్లు వాళ్లు మిరాశీగా, అంటే తాతల నాటి హక్కుగా, పంచుకుని వచ్చి కథ చెప్పేవాళ్లు. మీ ఊరికి ఎవరొచ్చేవాళ్లు, ఎవరి వాకిట్లో కథ బొమ్మల పటం కట్టేవాళ్లు, త్యాగం కింద, అంటే కథ చెప్పినందుకు, ఏమిచ్చేవాళ్లు కనుక్కోండి, వాళ్ల వారసులెవరైనా ఉంటే వెతికి పట్టుకోండి. దొర గడి గురించి ఎట్లాగూ పది పేజీలు రాస్తారు, అందులో వెట్టి చేసిన ఇళ్ల మాట కూడా ఉండాలి.

బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి వాడలు, చెరువు కట్ట, తూము, మత్తడి, పోచమ్మ గుడి అన్నీ చూపిస్తూ చేత్తోనే ఊరి మ్యాపు గీయండి.

పహాణీలోని సాగుదార్ల పేర్లు మాత్రం పుస్తకంలో అచ్చు వేయకండి, పాత భూమి తగాదాలు మళ్లీ లేస్తాయి. అచ్చుకిచ్చే ముందు ప్రతి వాడలో కూర్చుని చదివి వినిపించండి, గొడవేదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. రికార్డింగులు ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా బడిలో ఒక కాపీ, పంచాయతీలో ఒక కాపీ ఇవ్వండి.