పాత రోడ్ సైకిల్ వయసు పార్ట్స్‌నే అడగండి
పాత రోడ్ సైకిల్ ఏ సంవత్సరంది అని అమ్మేవాళ్లని అడిగితే చాలామంది నోటికొచ్చిన నెంబర్ చెప్పేస్తారు, దానికన్నా పార్ట్స్ చూసుకోవడం బెటర్. ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో వాళ్ల నువోవో రికార్డ్ మోడల్ వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి మార్చే పార్ట్) ఉందనుకోండి, చాలావాటిమీద పేటెంట్ అన్న మాట పక్కన రెండంకెలుంటాయి, 74 అని ఉంటే ఆ పార్ట్ 1974ది అన్నమాట. జపాన్ కంపెనీ షిమానోది అయితే పార్ట్ వెనకవైపు చిన్నగా రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మొదటిది సంవత్సరం (ఏ అంటే 1976, బీ అంటే 1977, అలా), రెండోది నెల, సో హెచ్‌ఈ అని కనిపిస్తే 1983 మే. 2002లో మళ్లీ ఏ నుంచి మొదలెట్టారు కానీ పార్ట్ చూస్తేనే ఏ కాలందో తెలిసిపోతుందిలెండి.

ఒక్క పార్ట్ చూసి ఫిక్స్ అయిపోకండి, డిరైలర్ ఎవరో మధ్యలో మార్చేసి ఉండొచ్చు. హబ్బులు (చక్రాల మధ్య భాగాలు), బ్రేకులు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) అన్నీ ఒకే ఏడాదికి అటూఇటూగా వస్తే అప్పుడు నమ్మొచ్చు.

అన్నట్టు సైకిల్ ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు చైన్ ఉన్న వైపు నుంచే తీయండి, చైన్ ముందు పెద్ద పళ్లచక్రం మీద ఉండాలి. చైన్ లేని వైపు నుంచి తీస్తే అందరూ చూడాలనుకునేదే కనపడదు!