పుస్తకం జోలికి రానివాళ్ల చేత పుస్తకం పట్టించాలంటే

"నీకు ఎలాంటి పుస్తకాలిష్టం?" అని మాత్రం అడగొద్దు. చదివే అలవాటు లేనివాళ్లు "నాకంత ఓపిక లేదులే" అంటారు, మాట అక్కడికి తెగిపోతుంది. వాళ్లు రోజూ ఏ దారిన తిరుగుతారు, ఏం తింటారు, దేని గురించి గంటసేపు వాదిస్తారో చూడండి. నిజంగా జరిగినవి, నిజంగా ఉన్నవి చెప్పే పుస్తకాల్లో దాదాపు ప్రతిదానికీ ఏదో ఒకటి దొరుకుతుంది.

మా చిన్నాయన ఏళ్ల తరబడి తిరుపతి నుంచి పీలేరుకు భాకరాపేట ఘాట్ మీదుగా లారీ తోలుతున్నాడు, పేపరు తప్ప ఇంకేదీ ముట్టడు. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో తెచ్చిన 'నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి మీద ఒక అధ్యాయం ఉంది, ఆ అడవి మా చిన్నాయన రోజూ దాటేదే. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఒకరోజు భోజనాలయ్యాక రెండు పేజీలు నేనే చదివి తెలుగులో చెప్పాను. అడవి దారుల సంగతి వచ్చేసరికి వక్కాకు నమిలేవాడు ఆగిపోయి, "ఉండు ఉండు, ఆ పక్క వంకలన్నీ నాకు తెలుసురా" అంటూ చాప మీద వేలితో దారి గీశాడు. ఇప్పుడు నేను ఊరికి పోతే చాలు, "మళ్లీ ఏమైందిరా ఆ పులి?" అని ఆయనే మొదలుపెడతాడు.

అందుకే పుస్తకం మొత్తం చేతిలో పెట్టకండి, ఒక్క పేజీతో మొదలుపెట్టండి. అది మొదటి పేజీ కానక్కర్లేదు, ముందుమాట అసలే వద్దు.

ఏటా కొండకు నడిచి పోయేవాళ్లుంటే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' చెప్పండి. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, తిరుపతి మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరుకు ఇల్లు చేరిన మనిషి, ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో కూడా రాసిపెట్టుకున్నాడు. అప్పట్లో తిరుమల గుడి ఈస్టిండియా కంపెనీ అజమాయిషీలో ఉండేది, హథీరాంజీ మఠానికి అప్పగించింది 1843లో. ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, ప్రశ్నలు వాళ్లే వేస్తారు. భాష పాతది కాబట్టి తిరుపతి భాగం వరకు మీరే పక్కన కూర్చుని చదివితే మంచిది.

వంట మీద ప్రేమ ఉన్నవాళ్లకు కె.టి. అచ్చయ్య 1994లో ఇంగ్లీషులో రాసిన భారతీయ ఆహార చరిత్ర ఉంది. మన కారం దోసెలో మిరప, చేలో వేరుశెనగ, మదనపల్లె మార్కెట్లో టమోటా, మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే అని చెప్తే మా అత్త రెండు రోజులు నమ్మలేదు!

ఇంటర్ పిల్లలకైతే నండూరి రామమోహనరావు 'నరావతారం', మనిషి ఎలా పుట్టుకొచ్చాడో హాయిగా చెప్తుంది.

ఇచ్చాక "చదివావా?" అని వెంటపడొద్దు. పది రోజులైనా అది టీవీ పక్కన కదలకుండా ఉంటే ఏమీ అనకుండా తెచ్చేసుకుని, వాళ్లకు నచ్చే ఇంకో పేజీ వెతకండి.