వాన పట్టిన రాత్రి ‘తెల్లారనీయ్’ అనకండి

వారం కిందటి మాట. మా మండల కేంద్రానికి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఒక గూడెం. తొమ్మిది నెలలు నిండిన అమ్మాయికి రాత్రి పది దాటాక నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి సన్నగా ముసురు పడుతోంది, వంతెన మీద చుక్క నీరు లేదు. అత్త అన్నదట, “తొలి కాన్పు, టైమ్ పడుతది. తెల్లారనీయ్, పోదాం” అని. ఇంట్లో ఎవరూ ఆమె మాట కాదనలేదు. మూడున్నరకు లేచి చూస్తే లో లెవల్ వంతెన మీద నడుము లోతు నీళ్లు. 108 బండి ఇవతలి ఒడ్డున ఆగిపోయింది. అవతల టార్చిలైట్లు, ఇవతల బండి మీద తిరుగుతున్న లైటు, మధ్యలో హోరుమంటున్న నీళ్లు. చివరికి ఎవరో జేసీబీ తెచ్చారు. దాని బకెట్‌లో బొంత పరిచి, అమ్మాయిని కూర్చోబెట్టి, పక్కన తల్లి పట్టుకుంటే దాటించారు. తల్లీబిడ్డా క్షేమం. ఆ వీడియో చూసి అందరూ డ్రైవర్ని మెచ్చుకుంటున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ నేను ఆ ఒడ్డునే ఉన్నాను. ముందు టైరు ఒకసారి పక్కకి జారింది. ఆ క్షణం ఆ తల్లి వేసిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

రాత్రి పదింటికి ఆటోలో ఇరవై నిమిషాల దారి అది.

నాకు ఈ ఊళ్లో బస్టాండు పక్కన మందుల షాపు ఉంది. ములుగు జిల్లాలో గోదావరికి దగ్గరగా, అడవి అంచున ఉన్న ఊరు మాది. వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రి నూరు కిలోమీటర్ల పైమాటే. ఎండాకాలంలో అయితే రెండు, రెండున్నర గంటల్లో చేరతాం. వానాకాలంలో ఎప్పుడు చేరతామో చెప్పలేం, మధ్యలో ఎన్ని వాగులుంటే అన్ని గేట్లు. 22 ఏళ్లుగా రాత్రిపూట నా షట్టర్ కొట్టినవాళ్లందరినీ చూశాను. వాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: “అన్నా, రాత్రికి ఏదన్నా గోళీ ఇయ్యి, పొద్దున పోతం.” మనుషుల్ని పోగొట్టుకోవడానికి మా దగ్గర ఇంతకంటే పెద్ద కారణం నేను చూడలేదు. మిరుగు (మృగశిర కార్తె) దాటింది, వానలు పట్టాయి కాబట్టి ఇది రాస్తున్నాను. నీళ్లు కాచి తాగండి, దోమతెర కట్టుకోండి అని ఆశా వర్కర్లు ఎలాగూ చెబుతున్నారు. అవి మళ్లీ చెప్పను.

2023 జులై గుర్తు చేసుకోండి. 27వ తేదీ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో మన జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాదంతా పడేదాంట్లో దాదాపు సగం ఒక్క రోజులో పడిందన్నమాట. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని రాత్రికి రాత్రే వాగు ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, చెట్లెక్కారు, హెలికాప్టర్లు వస్తే గానీ బయటపడలేదు. మన ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్న వాగు 8 మందిని తీసుకుపోయింది. మోరంచపల్లి వాళ్లూ ముందు రోజు పొద్దుమూకినప్పుడు మామూలుగానే అన్నం తిని పడుకున్నారు. చీకట్లో వాగు పెరిగేది కనబడదు. కనబడేసరికి దారి ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి పట్టదు. “వాన తగ్గింది కదా, గంటలో వాగు తీస్తది” అనుకుంటారు. వాగు వెళ్లి కలవాల్సింది గోదావరిలో. పైన మహారాష్ట్రలో, ప్రాణహితలో, ఇంద్రావతిలో వానలు పడి గోదావరి నిండుగా ఉంటే వాగు నీళ్లు పోవడానికి చోటుండదు, వెనక్కి ఎగదన్నుతాయి. మన దగ్గర ఎండ కాస్తున్నా వంతెన మీద నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల గూడేలకు వాన లేకున్నా దారి లేదు. కాబట్టి ఆకాశం ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. రామన్నగూడెం దగ్గర గోదావరి ఎంత ఉందో రోజూ చెబుతారు, అది తెలుసుకోండి. పెరుగుతోందంటే మీకున్న టైమ్ సగమైందని అర్థం.

ముందుగా గర్భిణుల సంగతి. డాక్టరు చెప్పిన తేదీకి రెండు వారాల ముందే వాగు ఇవతలికి రండి. చుట్టాల ఇల్లయినా సరే, అద్దె గది అయినా సరే. కొన్ని ఏజెన్సీ ఆసుపత్రుల్లో కాన్పుకు ముందే వచ్చి ఉండడానికి గదులున్నాయి, మీ ఏఎన్ఎంను అడగండి. పొలం పనుల్లో ఎవరూ తోడు ఉండరని చాలామంది రారు. నాటు నాలుగు రోజులు ఆలస్యమైనా పంట వస్తుంది. తొలి కాన్పుకు టైమ్ పడుతుందన్నది నిజమే, కానీ ఆ టైమ్ వాగు పెరగడానికీ దొరుకుతుంది. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, కాళ్లవాపుతో తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా అర్ధరాత్రయినా బయల్దేరాలి. అత్తను, పెద్దమ్మను ఎదిరించి మాట్లాడడం కష్టమని తెలుసు. అందుకే నొప్పులు రాకముందే, అందరూ కూర్చున్నప్పుడు, “నొప్పి మొదలైన గంటలో పోతాం” అని ఒక మాట అనుకోండి. అప్పుడు రాత్రి వాదన ఉండదు.

పాముకాటు దగ్గర ఈ ‘తెల్లారనీయ్’ ఇంకా ఘోరంగా పనిచేస్తుంది. నాగుపాము, రక్తపింజర కరిస్తే నొప్పి, వాపు చూసి భయపడి పరుగెత్తుతారు. కట్లపాము అలా కాదు. నల్లగా, సన్నటి తెల్ల చారలతో ఉంటుంది. రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. గాటు సరిగ్గా కనబడదు, వాపు రాదు, కొందరికి నొప్పే తెలియదు. “చీమో, దోమో” అనుకుని మళ్లీ పడుకుంటారు. తర్వాత కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, ఊపిరి ఆగిపోతుంది. నిద్రలో ఏదో కుట్టి లేచినవాళ్లకు కడుపునొప్పి మొదలైతే కట్లపామే అనుకుని బయల్దేరండి. తాడు కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు. పసరు పోయొద్దు. మంత్రం దగ్గర ఆగొద్దు, తర్వాత వేయించుకోవచ్చు. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలు విరిగిన కాలైనట్టు కర్ర ఆసరాగా కట్టి కదలకుండా ఉంచండి. పామును చంపి తీసుకురావాల్సిన పనిలేదు, మన దగ్గరి నాలుగు ముఖ్యమైన విషసర్పాలకు ఒకటే మందు. మొదటి విడతకే పది వయల్స్ (చిన్న సీసాలు) దాకా కావాలి. మీ పీహెచ్‌సీలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఈ వారమే వెళ్లి అడగండి. రాత్రి ఎవరు ఉంటారో కూడా అడగండి. లేవంటే ఎక్కడున్నాయో తెలుసుకుని రాసి పెట్టుకోండి.

జ్వరాల గురించి రెండే మాటలు. అడవి ఊళ్లలో వచ్చే మలేరియాలో ఒక రకం రెండు మూడు రోజుల్లోనే మెదడుకెక్కుతుంది. ఆశా దగ్గర కిట్ ఉంటుంది, వేలి చివర చుక్క రక్తంతో అరగంటలోపే తేలిపోతుంది, మొదటి రోజే చేయించండి. డెంగ్యూలో అసలు ప్రమాదం జ్వరం తగ్గాక మొదలవుతుంది. ఒళ్లు చల్లబడిందని అందరూ ఊపిరి పీల్చుకునే రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే అప్పుడే బయల్దేరాలి. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలున్నవాళ్లు ఈ రెండు నెలలు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, పిల్లతోనే మాట్లాడండి.

గుండెనొప్పి గురించి రాయాలంటే నాకు కష్టం. తొమ్మిదేళ్ల కింద, ఇలాంటి ముసురు రాత్రే, ఒక మిర్చి రైతు షట్టర్ కొట్టాడు. నాకు బాగా తెలిసిన మనిషి, కాకా అని పిలిచేవాణ్ని. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. చొక్కా తడిసింది. వానకు తడిసిందనుకున్నాను, అది చెమట. “గ్యాస్ పట్టింది బిడ్డా, గోళీ ఇయ్యి, పొద్దున ములుగు పోత” అన్నాడు. ఇచ్చాను. చిల్లర ఐదు రూపాయలు లేకపోతే “రేపిస్తా” అన్నాను. తెల్లవారుజామున కొడుకు బండి మాట్లాడుకుని బయల్దేరాడు. తాడ్వాయి, పస్రాల మధ్య జలగలంచ వాగు రోడ్డు మీదకి వచ్చింది. బండిలోనే పోయాడు. అప్పటి నుంచి నలభై దాటినవాళ్లు రాత్రిపూట వచ్చి గ్యాస్ గోళీ అడిగితే నేను ఇవ్వడం లేదు. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. ఛాతీ బరువు, చెమట, దవడకో భుజానికో పాకే నొప్పి ఉంటే, ఈసీజీ తీసే ఆసుపత్రికి అప్పటికప్పుడే వెళ్లాలి. తెల్లారనీయ్ అనకండి.

మిగతావి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

నంబర్లు కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి. కరెంటు పోయిన కొన్ని గంటలకు టవర్ బ్యాటరీ అయిపోతుంది, సిగ్నల్ పోతుంది, మీ ఫోన్ కూడా చచ్చిపోతుంది. 108, 102, పీహెచ్‌సీ, ఏఎన్ఎం, లైన్‌మన్, ఊళ్లో ట్రాక్టర్ ఉన్నవాళ్లు, వాగు అవతల ఆటో ఉన్నవాళ్లు. వాగుకు రెండు వైపులా బండి మాట్లాడి ఉంచుకోవాలి.

చేతిలో నగదు ఉంచుకోండి. సిగ్నల్ లేనినాడు స్కానర్ పనిచేయదు, ఏటీఎం పనిచేయదు. కనీసం ఐదు వేలు, ఐదొందల నోట్లు మాత్రమే కాకుండా.

బండిలో సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకండి.

బీపీ, షుగర్, ఫిట్స్ మందులు నెల రోజులవి ముందే కొనండి. నా షాపులోనే కొనమని చెప్పడం లేదు, ఎక్కడైనా కొనండి. ఫిట్స్ గోళీ రెండు పూటలు తప్పితే ఫిట్స్ మళ్లీ రావచ్చు.

ఇన్సులిన్ వాడేవాళ్లు కరెంటు పోయిన ఫ్రిజ్‌ను నమ్మొద్దు. కొత్త కుండలో కొంచెం నీళ్లు పోసి, సీసాను డబ్బాలో పెట్టి అందులో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. ఐస్ తగలనివ్వొద్దు. తెరిచి నెల దాటితే పారేయండి.

డయాలసిస్ ఉన్నవాళ్లు ఈ రెండు నెలలు సెంటర్ ఉన్న ఊళ్లోనే ఉండండి. ఒక్క వాయిదా తప్పితేనే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు.

ఆధార్, రేషన్ కార్డు, తల్లీబిడ్డ కార్డు, పాత చీటీలు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. కవర్ గుమ్మం దగ్గర.

వానలో రాత్రి మోటార్ స్టార్టర్ దగ్గరికి పోకండి. పైరు పోయినా సరే.

తెగిన వైరు కనిపిస్తే కర్రతో కూడా ముట్టకండి, లైన్‌మన్ వచ్చేదాకా పిల్లలనూ పశువులనూ అటు పోనివ్వకండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి. అలాంటి రోజు మనకు అడవి గుండా వచ్చే కరెంటు లైన్ ఎన్నాళ్లకు బాగవుతుందో ఎవరూ చెప్పలేరు.

“నాకు ఈ వాగు చిన్నప్పటి నుంచి తెలుసు” అనొద్దు. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో మీకు తెలియదు.

తాగినవాణ్ని వాగు దగ్గరికి రానివ్వొద్దు. తాళం లాక్కోండి.

నిర్ణయం పగటిపూటే తీసుకోండి. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో జబ్బు మనిషి ఉండి, ఆకాశం మూసుకుని ఉంటే, ఆలోచించకుండా ఆరింటికల్లా వాగు దాటేయండి. తీరా ఏం కాకపోతే మర్నాడు తిరిగి వస్తారు. ఆటోకు ఎనిమిది వందలు అవుతుంది. కానివ్వండి.

పెద్దాయన “నాకేం కాదు, తెల్లారనీయ్” అన్నా వినకండి. ఎత్తుకుని పొండి.

ఈ నెల నుంచి రాత్రి నా షట్టర్ కొట్టేవాళ్లకు ఒక మాట. మందు చీటీ చూసే ముందు బండి ఎవరిది, వాగు ఎంత ఉంది, తోడు ఎవరు వస్తున్నారని అడుగుతాను. జవాబు సిద్ధంగా పెట్టుకుని రండి. బండి దొరక్కపోతే నాది తీసుకెళ్లండి, తాళం కౌంటర్ మీదే ఉంటుంది.