డోకువికీ ప్లగిన్ మొండికేసిందా? ముందు ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

డోకువికీ అంటే పీహెచ్‌పీలో రాసిన వికీ సాఫ్ట్‌వేర్. దానికి ప్లగిన్ (అదనపు పని చేర్చే చిన్న కోడ్) రాయడం పెద్ద కష్టమేం కాదు. పీహెచ్‌పీ కాస్త వస్తే ఒక సాయంత్రంలో ఒకటి నిలబెట్టొచ్చు. అది ఎందుకు పనిచేయట్లేదో కనుక్కోవడానికే అసలు టైమంతా పోతుంది. అయినా గుంటూరు, విజయవాడల్లో చిన్న ఆఫీసుల వాళ్లు అడిగితే నేను డోకువికీయే పెట్టమంటాను, ఎందుకంటే డేటాబేస్ గొడవ లేదు, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే, చవక షేర్డ్ హోస్టింగ్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

ఉదాహరణకి ఒకే ప్లగిన్ పట్టుకుని మాట్లాడుకుందాం. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు వికీ. పేజీలో మిర్చి అనే ట్యాగ్ పెట్టి లోపల రకం పేరు (తేజ, బాడిగ, ఆర్మూర్, 334, ఏదైనా) రాస్తే ఆ రోజు క్వింటాల్ ధర, యార్డుకి వచ్చిన టిక్కీల (బస్తాల) లెక్క పట్టికలో కనిపించాలి. గుమాస్తా రోజూ ధరల్ని ఒక సీఎస్‌వీ ఫైల్లో ఎక్కిస్తాడు, ప్లగిన్ దాన్ని చదువుకుంటుంది, అంతే. కోడ్ పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీ ఫైళ్లలో మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.

ప్లగిన్ అసలు కనిపించట్లేదు, లేదా ట్యాగ్ ట్యాగ్‌లాగే పేజీ మీద పడుతోంది

పదిలో తొమ్మిది సార్లు ఇది పేర్ల తేడా. లిబ్ ఫోల్డర్లో ప్లగిన్స్, అందులో మిర్చి, అందులో సింటాక్స్.పీహెచ్‌పీ ఉంటే, లోపలి క్లాస్ పేరు కచ్చితంగా సింటాక్స్_ప్లగిన్_మిర్చి అనే ఉండాలి. ఫోల్డర్ పేరులో చిన్న అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేం వాడకండి. అండర్‌స్కోర్ అసలు వద్దు, ఎందుకంటే క్లాస్ పేరులో అండర్‌స్కోర్ దగ్గరే విడగొట్టి ఏ ఫైలు తెరవాలో డోకువికీ తేల్చుకుంటుంది. గిట్‌హబ్ నుంచి జిప్ దించి అలాగే పెట్టేస్తే ఫోల్డర్ పేరు చివర మెయిన్ అనో మాస్టర్ అనో తగులుకుని ఉంటుంది, అది తీసేయాలి. ఇంకోటి: ఇంట్లో విండోస్ మీద ఎక్స్ఎఎంపీపీలో బ్రహ్మాండంగా నడిచి హోస్టింగ్‌లోకి ఎక్కించగానే మాయమైతే, ఫైలు పేరులో మొదటి అక్షరం క్యాపిటల్ ఉందేమో చూడండి. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్‌కి కాదు.

పేర్లన్నీ సరిగ్గానే ఉండి, మామూలు పేరాలో పనిచేసి, పట్టిక గడిలోనో బుల్లెట్ లిస్టులోనో పెడితే పనిచేయట్లేదంటే గెట్‌టైప్ (మీ ట్యాగ్ ఏ రకమో డోకువికీకి చెప్పే ఫంక్షన్) ఏం ఇస్తోందో చూడండి. కంటైనర్ అని ఇస్తే పట్టికల్లోకి, లిస్టుల్లోకి రానివ్వదు. మన అవసరానికి కావాల్సింది సబ్‌స్టిషన్. అవును, ఆ స్పెల్లింగ్ తప్పే, మధ్యలో టీ, యూ అనే రెండు అక్షరాలు లేవు, కానీ డోకువికీ కోడ్‌లో మొదట్నుంచీ అలాగే ఉండిపోయింది. మీరు ఇంగ్లీషు దిద్దబోతే ప్లగిన్ ఆగిపోతుంది.

ప్యాటర్న్, అంటే ట్యాగ్‌ని గుర్తుపట్టడానికి కనెక్ట్‌టు ఫంక్షన్‌లో ఇచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, గురించి రెండు మాటలు. మధ్యలో చుక్క, నక్షత్రం మాత్రమే పెడితే, డోకువికీ లెక్సర్‌లో (పేజీ టెక్స్ట్‌లో ట్యాగుల్ని వెతికే భాగంలో) చుక్క కొత్త లైన్లని కూడా పట్టేస్తుంది కాబట్టి, పేజీలో మొదటి మిర్చి నుంచి ఆఖరి మిర్చి దాకా మధ్యలో ఉన్నదంతా ఒకటే ట్యాగ్ అయిపోతుంది. పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అలాగే మామూలు బ్రాకెట్లు పెట్టి గ్రూపు పట్టుకుందామనుకోకండి, కనెక్ట్‌టులో ఇచ్చే ప్యాటర్న్‌లో మామూలు బ్రాకెట్‌ని అది నిజం బ్రాకెట్ అక్షరంగానే తీసుకుంటుంది. విడగొట్టుకోవడం ఏదైనా ఉంటే, దొరికిన ట్యాగ్‌ని అందుకునే హ్యాండిల్ ఫంక్షన్‌లోకి వచ్చాక చేసుకోండి.

నిన్నటి ధరే చూపిస్తోంది

ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. గుమాస్తా ఫోన్ చేసి "నేను పొద్దున్నే ఎక్కించానండీ, మీ పేజీయే మారట్లేదు" అంటాడు. మీరు సీఎస్‌వీ తెరిచి చూస్తే కొత్త ధర కళ్లెదురుగానే ఉంటుంది.

డోకువికీ పేజీని రెండు దశల్లో తయారుచేస్తుంది. మొదటి దశలో పేజీ టెక్స్ట్ చదివి ఎక్కడ ఏముందో ఒక సూచనల జాబితా తయారుచేస్తుంది, మీ హ్యాండిల్ ఫంక్షన్ అప్పుడే నడుస్తుంది. రెండో దశలో ఆ జాబితాని హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది, రెండర్ నడిచేది అప్పుడు. ఈ రెండు దశల ఫలితాలూ మళ్లీ వాడుకోవడానికి విడివిడిగా క్యాష్‌లో పడతాయి. మొదటి దశది పేజీని ఎవరైనా ఎడిట్ చేసేదాకానో, కాన్ఫిగరేషన్ ఫైళ్లు మారేదాకానో అలాగే ఉండిపోతుంది. రెండో దశది, మీరు సెట్టింగు మార్చకపోతే, 86400 సెకన్లు, అంటే ఒక రోజు.

కాబట్టి కోడ్ తెరవకముందే రోగం ఏ దశలో ఉందో చెప్పొచ్చు. ధర ఎప్పుడో ఒకప్పుడు, రోజు తిరిగేసరికి, తనంతట తానే మారుతోందంటే మీరు సీఎస్‌వీని రెండర్‌లో చదువుతున్నారు, హెచ్‌టీఎంఎల్ క్యాష్ మాత్రమే అడ్డుపడుతోంది. రోజులు గడిచినా మారకుండా, ఎవరో పేజీలో ఒక కామా దిద్ది సేవ్ చేయగానే టక్కున మారిందంటే మీరు సీఎస్‌వీని హ్యాండిల్‌లో చదువుతున్నారు. ఈ రెండో రకానికి రెండర్‌లో నోక్యాష్ (హెచ్‌టీఎంఎల్‌ని క్యాష్‌లో పెట్టొద్దని చెప్పే మాట) అని ఎన్నిసార్లు రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే పాత ధర జాబితాలోనే గడ్డకట్టి ఉంది, రెండర్ దాన్నే మళ్లీ మళ్లీ అచ్చు వేస్తుంది. హ్యాండిల్‌లో రకం పేరు మాత్రం తీసి రిటర్న్ చేయండి. ధర వెతకడం, పట్టిక కట్టడం అంతా రెండర్‌లోకి మార్చండి.

ఆ తర్వాత నోక్యాష్ పెడితే సమస్య తీరుతుంది గానీ నాకది నచ్చదు, ఎందుకంటే ఒక్క ట్యాగ్ కోసం పేజీ మొత్తం ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, పేజీ పెద్దదైతే షేర్డ్ హోస్టింగ్‌లో అది తెలిసిపోతుంది. అంతకన్నా మంచి దారి ఉంది: యాక్షన్ ప్లగిన్‌లో (డోకువికీ చేసే పనుల మధ్యలో మన కోడ్ నడిపే రకం) పార్సర్_క్యాష్_యూజ్ అనే ఈవెంట్‌కి బిఫోర్ హుక్ వేసి, క్యాష్ ఆబ్జెక్టులో డిపెండ్స్ కింద ఫైల్స్ జాబితాకి మీ సీఎస్‌వీ దారి కలపండి. అప్పుడు సీఎస్‌వీ మారినప్పుడే పేజీ మళ్లీ తయారవుతుంది, మారకపోతే పాత కాపీనే వెళ్తుంది. యార్డుకి సెలవైతే సర్వర్‌కీ సెలవే.

కోడ్ మార్చాక కూడా పాతదే కనిపిస్తే కంగారు పడకండి, పేజీ చిరునామా చివర పర్జ్ ఈక్వల్స్ ట్రూ చేర్చి ఒకసారి తెరవండి, రెండు దశల క్యాష్ కూడా పోతుంది. అన్ని పేజీలకీ కావాలంటే కాన్ఫ్ ఫోల్డర్లోని లోకల్.పీహెచ్‌పీని ఒకసారి సేవ్ చేస్తే చాలు. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ మార్చినా కనిపించకపోవడానికీ ఇదే మందు, పైన బ్రౌజర్‌లో కంట్రోల్, ఎఫ్5 కూడా కొట్టండి.

ధర సరిగ్గానే ఉండి పైన తారీఖు మాత్రం తెల్లవారుజామున ఐదున్నర దాకా నిన్నటిదే ఉంటే అది క్యాష్ కాదు, సర్వర్ టైమ్ యూటీసీలో ఉంది. పీహెచ్‌పీ సెట్టింగుల్లో డేట్.టైమ్‌జోన్‌ని ఏషియా, కోల్‌కతాకి మార్చండి.

తెలుగు అక్షరాలు విరుగుతున్నాయి, ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్లు వస్తున్నాయి

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి మూడు బైట్లు. గుంటూరు అనే మాట కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఏడు కోడ్ పాయింట్లు (కొమ్ము, సున్నా, గుణింతాలు అన్నీ విడిగా లెక్కే), ఫైల్లో 21 బైట్లు. పీహెచ్‌పీ మామూలు సబ్‌ఎస్‌టీఆర్‌కి తెలిసింది బైట్లే. పది అని చెబితే గుం దాకా తొమ్మిది బైట్లు తీసుకుని ట లో మూడో వంతు కోసుకొస్తుంది. ఆ విరిగిన ముక్కని జేసన్‌గా మార్చబోతే ఎర్రర్ చూపించకుండా ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, మీరేమో జావాస్క్రిప్ట్‌లో తప్పుందని వెతుకుతుంటారు.

డోకువికీలోనే యూటీఎఫ్-8కి పీహెచ్‌పీస్ట్రింగ్ అనే క్లాస్ ఉంది, అది వాడితే బైట్లు విరగవు. కానీ గుణింతం మాత్రం అక్షరం నుంచి ఊడిపోవచ్చు, దానికి ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లో గ్రాఫీమ్_సబ్‌ఎస్‌టీఆర్ ఉంది. అదీ పాత లైబ్రరీలతో ఒత్తుల దగ్గర తడబడుతుంది. నన్నడిగితే తెలుగుని పీహెచ్‌పీలో కత్తిరించడమే వద్దు, మొత్తం పంపించి, గడిలో పట్టకపోతే చివర మూడు చుక్కలు పెట్టే పని సీఎస్‌ఎస్‌కి వదిలేయండి.

ప్యాటర్న్‌లోనూ ఇదే గొడవ. లెక్సర్ యూ ఫ్లాగ్ (టెక్స్ట్‌ని యూటీఎఫ్-8గా చదవమనే గుర్తు) లేకుండా నడుస్తుంది కాబట్టి స్క్వేర్ బ్రాకెట్లలో అ నుంచి హ దాకా అని రేంజ్ ఇస్తే దానికి కనిపించేవి విడి బైట్లు, ఏది పడితే అది పట్టుకుంటుంది. ప్యాటర్న్‌లో ట్యాగ్ పేరు, కోణాల బ్రాకెట్లు ఇంగ్లీషులోనే ఉంచి, లోపలి తెలుగుని హ్యాండిల్‌లోకి తెచ్చుకుని అక్కడ యూ ఫ్లాగ్‌తో చూడండి. అప్పుడు కూడా బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద ఆధారపడొద్దు. చాలా వెర్షన్లలో అది అక్షరాల్ని ఒప్పుకుంటుంది, గుణింతాల్ని ఒప్పుకోదు, గుంటూరులో గ దగ్గరే ఆగిపోతుంది. అక్షరాల వర్గం ఎల్, గుర్తుల వర్గం ఎం, అంకెల వర్గం ఎన్, మూడూ కలిపి ఇవ్వండి.

ఇవన్నీ చేసినా ఆర్మూర్ అనే రకానికి మాత్రం ధర దొరకలేదని వస్తోందా? సీఎస్‌వీలో ఆర్మూర్ ఉంది, పేజీలో ఆర్మూర్ ఉంది, రెండూ కంటికి ఒకటే. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని, అంటే యూనికోడ్ 200సి ని, తగిలిస్తాయి. ట్రిమ్ దాన్ని తీయదు. పోల్చేముందు రెండు వైపులా దాన్ని తీసేయండి. పోల్చడానికి మాత్రమే సుమా, చూపించేటప్పుడు కాదు, లేకపోతే కోల్డ్‌స్టోరేజ్ లాంటి మాటలు అతుక్కుపోతాయి.

ప్లగిన్ తయారుచేసిన తెలుగు పేజీ సేవ్ అవదు, లేదా ఉన్న పేజీనే లేదంటుంది

డోకువికీ డిఫాల్ట్‌గా పేజీ పేరుని యూఆర్‌ఎల్ ఎన్‌కోడింగ్‌లో మార్చి ఫైలుకి పెడుతుంది. ఒక్కో బైట్‌కి పర్సెంట్ గుర్తు, రెండు అక్షరాలు, అంటే ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి తొమ్మిది. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. గుంటూరు_మిర్చి_యార్డు_సీజన్_నివేదిక అని ముచ్చటగా పేరు పెడితే 31 కోడ్ పాయింట్లకి 279, కింద గీతలు, చివర టీఎక్స్‌టీ కలిపి 287 అవుతుంది. ఫైలే పుట్టదు. పాత వెర్షన్లు దాచే యాటిక్‌లో పేరుకి టైమ్‌స్టాంప్ కూడా తగులుకుంటుంది కాబట్టి అక్కడ హద్దు ఇంకా తక్కువ, దాదాపు 26 కోడ్ పాయింట్లే.

పేరుని కోలన్లతో నేమ్‌స్పేస్‌లుగా విడగొడితే సరిపోతుంది, ఒక్కోటీ ఒక్కో ఫోల్డర్ అవుతుంది కాబట్టి హద్దు దేనికదే. కొత్త వికీ అయితే మొదట్లోనే ఎఫ్ఎన్ఎన్‌కోడ్ సెట్టింగుని యూటీఎఫ్-8కి మార్చుకోండి, ఇదే పేరు 101 బైట్లలో అయిపోతుంది. నడుస్తున్న వికీలో మాత్రం ఊరికే మార్చేయకండి, పాత తెలుగు పేజీలన్నీ ఒక్కసారిగా లేనట్టు కనిపిస్తాయి, ఫైళ్ల పేర్లన్నీ మార్చుకోవాల్సి వస్తుంది.

ఉన్న పేజీని లేదనడానికి కారణం వేరే. ప్లగిన్‌లో డేటా, పేజెస్ అని దారి చేత్తో కట్టుకుని తెలుగు పేరు తగిలించి ఉంటారు. ఆ పేరుతో ఫైలే ఉండదు. దారి కావాలంటే వికీఎఫ్ఎన్‌ని అడగండి, చదవడానికి రావికీ, రాయడానికి సేవ్‌వికీటెక్స్ట్. నేరుగా ఫైల్లో రాసేస్తే ఆ మార్పు పేజీ చరిత్రలో సరిగ్గా నమోదు కాదు.

హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ మార్చగానే పేజీ మొత్తం తెల్లబడింది

పాత ప్లగిన్లలో హ్యాండిల్, రెండర్ ఫంక్షన్లకి ఇచ్చే హ్యాండ్లర్, రెండరర్ ముందు యాంపర్‌శాండ్ గుర్తు ఉంటుంది. అసలు క్లాస్‌లో అది లేదు. పీహెచ్‌పీ 7 దీనికి వార్నింగ్ ఇచ్చి వదిలేసేది, 8 వదలదు, అక్కడే ఆపేస్తుంది. గుర్తు తీసేసి, పేరామీటర్లు అసలు క్లాస్‌లో ఎలా ఉంటే అలా రాయండి. అడ్మిన్ పేజీ కూడా తెరుచుకోకపోతే ప్లగిన్ ఫోల్డర్‌ని ఎఫ్‌టీపీలో బయటికి జరిపి ముందు వికీని లేపండి. ఇటీవలి వెర్షన్లలో డేటా ఫోల్డర్ కింద లాగ్‌లో ఎర్రర్లు తారీఖు వారీగా ఉంటాయి, ఏ ఫైల్లో ఎన్నో లైనో అక్కడే దొరుకుతుంది.

చిన్నా చితకా

పట్టిక చుట్టూ అనవసరంగా ఖాళీ పేరాలు వస్తుంటే గెట్‌పీటైప్ (ట్యాగ్ చుట్టూ పేరాలు ఎలా ఉండాలో చెప్పే ఫంక్షన్) నుంచి నార్మల్ బదులు బ్లాక్ ఇవ్వండి. పట్టిక పేజీ మధ్యలో కాకుండా అన్నిటికన్నా పైన పడుతుంటే మీరు ఎకో వాడారు, రెండరర్‌లోని డాక్‌కి కలపాలి. అదీ మోడ్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అయినప్పుడే, ఎందుకంటే మెటాడేటా కోసం కూడా రెండర్‌ని పిలుస్తారు.

అజాక్స్ కాల్‌కి మీ జవాబుతో పాటు "అన్‌నోన్" అనే మెసేజ్ కూడా వస్తే, అజాక్స్_కాల్_అన్‌నోన్ ఈవెంట్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ పిలవలేదన్నమాట. ఇక పేజీలో రాసిన రకం పేరుని తిరిగి చూపించేటప్పుడు హెచ్ఎస్‌సీ (హెచ్‌టీఎంఎల్ గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చే ఫంక్షన్) గుండా పంపకపోతే పైకి ఏ లక్షణమూ కనిపించదు, ఎవరో ఒకరు రకం పేరు చోట స్క్రిప్ట్ ట్యాగ్ రాసేదాకా.