నీటిరంగుల స్వయంశిక్షణ – 5వ పాఠం: కాగితపు తెలుపు

క్రితం పాఠంలో పలుచని రంగును కాగితమంతటా ఒకే తీరుగా పరచడం సాధన చేశాం. ఈసారి రంగు తగలకుండా కాగితాన్ని ఎక్కడ వదిలిపెట్టాలో చూద్దాం. నీటిరంగులలో వెలుగంటే కాగితపు తెలుపే. ఆ పలుచని రంగుల సున్నితత్వమే 19వ శతాబ్దపు లండన్ చిత్రకారులకు చిక్కు తెచ్చింది.

అక్కడి ప్రముఖ చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలలో ముదురు తైలవర్ణ చిత్రాల నడుమ వీరి చిత్రాలు వెలవెలబోయేవి. పైగా నీటిరంగులకే పరిమితమైనవారికి అక్కడ సభ్యత్వం దక్కేది కాదు. అందుచేత విలియం ఫ్రెడరిక్ వెల్స్, శామ్యూల్ షెల్లీ మొదలైనవారు 1804 నవంబరు 30న సొంత సంఘం పెట్టుకొని, మరుసటి ఏప్రిల్‌లో లోయర్ బ్రూక్ వీధిలో నీటిరంగుల చిత్రాలను మాత్రమే ప్రదర్శించగా, దాదాపు 12,000 మంది వచ్చి చూశారు. లాభాలు పంచుకొనే చోట పేచీలు తప్పవు కాబోలు, ఇతరుల బొమ్మలను తనవిగా పెట్టాడన్న ఆరోపణపై నాట్స్ అనే సభ్యుణ్ణి 1807లో వెలివేశారు. 1812లో సంఘం చెదిరి, తైలవర్ణాలను కూడా చేర్చుకొని కొన్నేళ్లు నడిచి, 1820 ప్రాంతంలో మళ్లీ నీటిరంగులకే వచ్చింది. 1831లో పోటీ సంఘం పుట్టాక దీన్ని ‘పాత సంఘం’ అనసాగారు. రాయల్ అన్న గౌరవం 1881లో దక్కింది.

తైలవర్ణాలకు దీటుగా నిలవాలన్న తపనలో కొందరు చిక్కటి తెల్లరంగును ఆశ్రయించారు. సీసపు తెలుపు గాలికి నల్లబడేది. 1834లో రంగుల తయారీ సంస్థ విన్సర్ అండ్ న్యూటన్ వారి జింకు తెలుపు ఆ బెడద తీర్చింది. కైరో దృశ్యాలను దానితో అతిసూక్ష్మంగా చిత్రించిన జాన్ ఫ్రెడరిక్ లూయిస్ 1855లో సంఘాధ్యక్షుడయ్యాడు. పడ్డ శ్రమకు తగిన ధర రాక, 1858లో సంఘాన్ని వదిలి తైలవర్ణాలకు మళ్లాడు. ఆయన పనితనం గొప్పదే, కాని నేర్చుకొనేవారికి ఆ దారి తొందరపాటు అని నా అభిప్రాయం.

ఇక సాధన. కిటికీ పక్కన ముదురు గుడ్డ మీద తెల్లటి కోడిగుడ్డును ఉంచి, పెన్సిలుతో లేతగా గీయండి. గుడ్డ రంగును గీత వరకూ తెచ్చి ఆపండి. గుడ్డు తనంతట తానే తెల్లగా పైకి తేలుతుంది. అది బాగా ఆరాక, వెలుతురు పడని వైపు మాత్రం నీలం కలిసిన బూడిదరంగును పలుచగా వేసి, లోపలి అంచును వెంటనే శుభ్రమైన తడి కుంచెతో కరిగించండి. రంగు తెలుపులోకి పాకితే రుద్దవద్దు. పిండిన కుంచెను ఆనిస్తే అదే పీల్చుకుంటుంది. ఇలా మూడు గుడ్లు వేసి దాచండి, వచ్చే పాఠంలో వాటి మీదే రెండవ పొర వేస్తాం.